ఇరవై తొమ్మిది వోల్టులు

ఆ ప్రయోగశాలలో ఎర్ర వైరుకు ఒక ముడి ఉంటుంది. ఆకుపచ్చ వైరుకు రెండు. నల్లదానికి అసలుండదు. ఎందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కొత్తగా చేరిన విద్యార్థులకు మొదటిరోజు గాజుపలకను వేలిముద్ర పడకుండా అంచులతో ఎలా పట్టుకోవాలో నేర్పినట్టే ఈ ముడులూ నేర్పేవారు. వాళ్ళు చదువు ముగించుకుని వేరే చోట్ల ఉద్యోగాల్లో చేరి, అక్కడా ముడులు వేసి, నవ్వినవాళ్ళతో అది భద్రతా నియమమని బల్లగుద్ది వాదించారట. ఏం భద్రతో వాళ్ళకూ తెలియదు. మనుషులంతే, నియమం పాతదైతే చాలు, కారణం అడగరు.

ఆ నియమం పెట్టిన పెద్దమనిషి అక్కడి టెక్నీషియన్. యాభై ఆరేళ్ళవాడు, పొట్టివాడు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక వజ్రపు మొన ఉన్న కలం పెట్టుకుని తిరిగేవాడు. అందరికీ ముడుల బాబాయి. ముడుల వెనక ఉన్న సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు, బాబాయికీ, ఆయన అక్కకీ, ఆయన భార్యకీ. బాబాయి కళ్ళకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. రెండూ ఒకే మడ్డి గోధుమరంగు. నీలం కనిపిస్తుంది, పసుపు కనిపిస్తుంది, ఆ రెండూ ఆయనకు ప్రాణం. తక్కినదంతా ఊహ.

మరి వైర్లు కలిపే ఉద్యోగం ఎలా వచ్చిందంటారా? చేరేముందు కంటి పరీక్ష ఉంది. రంగురంగుల చుక్కల మధ్య దాగిన అంకెలు చదవాలి. వాళ్ళక్క కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. ఒక ఆదివారం ఆ పుస్తకం ఇంటికి తెచ్చి, ఏ పేజీలో ఏ అంకె ఉందో తమ్ముడి చేత ఎక్కాలు వల్లించినట్టు వల్లింపజేసింది. డాక్టరు పేజీలు తిప్పాడు, ఈయన అప్పజెప్పాడు. అబద్ధం ఒక్కసారి చెప్పడం తేలికే. దాన్ని ఇరవై ఆరేళ్ళు మేపడమే కష్టం. ఇంకో నాలుగేళ్ళు గడిస్తే పింఛను. ఈలోగా బయటపడితే మోసం చేసి చేరాడని ఇంటికి పంపేస్తారని ఆయన భయం, ఆ భయం అన్యాయమైనదేమీ కాదు.

భార్యకు మాత్రం తన కళ్ళ సంగతి పెళ్ళైన ఆరునెలలకు తనే చెప్పేశాడు. ఆ మాట చెప్పడానికి మూడు వారాలు ధైర్యం కూడగట్టుకుని, వాకిట్లో పది చుట్లు తిరిగి, చెమటలు పట్టి మరీ చెప్పాడు. ఆవిడ అంతా విని, సరే రండి, భోజనం చల్లారిపోతోంది అంది. కాస్తయినా ఆశ్చర్యపోలేదేమిటా అని ఆయనే కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. అప్పట్నుంచీ ఆయన బట్టలు ఆవిడే ఎంచుతుంది, ఆయన తెచ్చిన టమాటాల్లో పచ్చివి ఏరి పక్కన పెడుతుంది, దారిలో నడుస్తుంటే ఫలానా ఇంటికి కొత్తగా ఎర్రరంగు వేశారండీ అని రేడియోలా చెబుతూపోతుంది. ఆయన తన కంటితో ఎంచి కొన్న రంగువస్తువు ఒక్కటే, పెళ్ళైన వారానికి ఆవిడకు తొలి కానుకగా తెచ్చిన ఎర్ర గొడుగు. ముప్పై ఒక్కేళ్ళుగా వాడుతోంది. చువ్వలు రెండుసార్లు మార్పించింది కానీ గుడ్డ మార్చనివ్వలేదు. రంగు తెలిసినవాడిలా ఎంచి కొన్నానని, దాన్ని చూసినప్పుడల్లా బాబాయి మీసం మెలేసేవాడు.

ఇక ఆ ప్రయోగశాలలో జరిగేదేమిటో చెప్పాలి. లిక్విడ్ క్రిస్టల్ అని ఒక పదార్థం ఉంది. నీళ్ళలా కారుతుంది, కానీ దాని అణువులు సంతలో జనంలా తోసుకోవు, ఒక వరస పాటిస్తాయి. కొన్నిటిలో ఆ వరస మెలికల మెట్లలా పైకి తిరుగుతుంది. ఆ మెట్ల మధ్య ఎడం ఎక్కువుంటే ఎర్రటి వెలుగు తిరిగొస్తుంది, తగ్గితే ఆకుపచ్చ, ఇంకా తగ్గితే నీలం. చుక్క రంగు కలపనక్కర్లేదు, ఎడమే రంగు. మామూలు వాటికి కరెంటు పెడితే మెట్లు కూలిపోయి రంగే పోతుంది. అలా కాకుండా, నాబ్ తిప్పి వోల్టేజీ పెంచేకొద్దీ మెట్లు మెల్లగా దగ్గరకు జరిగి, ఎరుపు నుంచి నీలం దాకా రంగు జారుతూ పోవాలి, దించితే మళ్ళీ వెనక్కి రావాలి. ఒకే చుక్క, అన్ని రంగులూ. తలుచుకుంటేనే ఒళ్ళు ఝల్లుమనే సంగతి కదా.

అలాంటి చుక్క తయారుచేయాలని మూడేళ్ళుగా తల బద్దలుకొట్టుకుంటున్నది పొడుగమ్మాయి. పరిశోధక విద్యార్థిని, ఆ ఇరుకు గది తలుపులో వంగితే తప్ప పట్టని మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. ద్రవం కలపడం ఆమె పని. ఆ ద్రవాన్ని నిలిపే గాజు అర బాబాయి పని. దాన్ని వాళ్ళు సెల్ అంటారు. తపాలా బిళ్ళంత గాజుపలకలు రెండు కోసి, కడిగి, ఆరబెట్టి, లోపలి పూతను మఖమలు గుడ్డతో పిల్లి వీపు నిమిరినట్టు ఒకే దిక్కుకు నిమరాలి. అణువులు ఆ దిక్కు చూసే వరసకడతాయి. తరవాత రెంటినీ వెంట్రుక మందంలో సగం ఎడంతో అతికించాలి. ఆ పనిలో బాబాయి చెయ్యి దిట్ట. ఆయన చేసిన సెల్‌లో గాలిబుడగ కనిపిస్తే ఆ రోజు సెలవివ్వాలని కుర్రాళ్ళు జోకులేసేవారు.

పొడుగమ్మాయి ద్రవానికి రెండు పలకలకూ వేరువేరు పూతలు కావాలి. తారుమారైతే సెల్ దండగ. అందుకని ఆరునెలల కిందట ఆమె ఒక పద్ధతి పెట్టింది. మొదటి పూత పలక వెనక ఎర్ర స్టిక్కరు, రెండోదాని వెనక ఆకుపచ్చ స్టిక్కరు. ఎంత తేలికో చూడండి బాబాయ్, అని సంబరపడింది. బాబాయి గుండెల్లో రాయి పడింది. స్టిక్కరు మీద ఒకటి, రెండు అని అంకె వెయ్యమ్మా అంటే సరిపోయేది. కానీ దొంగకు ఆ ధైర్యం ఉండదు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం. అందుకని ఆమె డబ్బాలో ఎడమవైపు ఎర్రవి, కుడివైపు ఆకుపచ్చవి సర్ది ఇవ్వగానే, ఈయన వజ్రపు కలం తీసి ఎడమవైపు పలకల మూల మీద సన్నని గాటు పెట్టుకునేవాడు. తరవాత బల్ల మీద ఎన్ని కలిసిపోయినా వేలికొనతో తడిమి పట్టేసేవాడు. వైరుకు ముడి, గాజుకు గాటు.

ఎరుపు అద్భుతంగా వచ్చింది. ఇరవై నాలుగు వోల్టుల దగ్గర నిప్పుకణికలా నిలబడిందట. నాబ్ తిప్పితే నారింజ వైపు ఉరికిందట. ఇరవై ఆరు దాటగానే రంగు ముక్కలు ముక్కలైపోయింది. పదకొండు సెల్స్ చేశారు, పదకొండూ అంతే. ఆకుపచ్చ గడప తొక్కిన పాపాన పోలేదు. ఇంకో మూడు రోజుల్లో సందర్శకుల దినం. ఆ రోజు నిపుణులు ముగ్గురు వస్తున్నారు, రంగు జారడం కళ్ళారా చూస్తేనే ఈ పని ఇంకో రెండేళ్ళు సాగనిస్తారు. లేకపోతే పొడుగమ్మాయి మూడేళ్ళ చెమటా ఆ సీసాతోపాటే మూతపడుతుంది. సీసాలో ఇంకొక్క సెల్‌కు సరిపడా ద్రవం మిగిలింది.

ఆ మధ్యాహ్నం ఆమె మైక్రోస్కోపు ముందు నుంచి కాలుగాలిన పిల్లిలా లేచి, మేడమ్‌ను పిలుచుకొస్తానని, అంతదాకా నాబ్ పట్టుకుని కూర్చోమని బాబాయికి చెప్పి పరుగెత్తింది. మేడమ్ అంటే ఆ ప్రయోగశాల నడిపే ప్రొఫెసర్. బాబాయి కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆ మైక్రోస్కోపులోకి ఒక్కసారైనా తొంగిచూడలేదు. ఎవరైనా రమ్మంటే కళ్ళజోడు అడ్డమనేవాడు. అసలు భయం, ఏం రంగు కనిపిస్తోంది బాబాయ్ అని అడుగుతారేమోనని. ఇప్పుడు గదిలో అడిగేవాళ్ళు లేరు. తన చేతి పనిని తను ఇన్నేళ్ళూ చూడనేలేదు కదా అనిపించింది. వంగి కన్ను ఆనించాడు.

మడ్డి గోధుమరంగు, అంతే. నవ్వొచ్చింది. నాబ్ కొంచెం తిప్పాడు. అదే గోధుమ. ఇంకొంచెం తిప్పాడు. అప్పుడు కనిపించింది, కుడివైపు పైమూల నుంచి వెంట్రుకలాంటి గీత ఒకటి మెల్లగా పాకుతూ వస్తోంది. దాని పక్కన ఇంకోటి. ఆ తరవాత అయిదారు. వోల్టేజీ తగ్గించాడు, గీతలు వచ్చిన మూలకే వెనక్కి పోయాయి. పెంచాడు, అదే మూల నుంచి వచ్చాయి. మళ్ళీ తగ్గించాడు, మళ్ళీ పెంచాడు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఆ మైక్రోస్కోపులోంచే నెలలకొద్దీ చూశారు, ఒక్కరికీ కనబడలేదు. ఎలా కనబడుతుంది? ఎర్రటి మంట నారింజలోకి ఉరుకుతుంటే కన్ను మంటనే చూస్తుంది, మంటలో వెంట్రుకను చూడదు. ఆయనకు మంట లేదు, వెంట్రుక మాత్రమే ఉంది.

సంతోషం పట్టలేక లేచి నిలబడ్డాడు. సెల్ బయటికి తీసి ఆ మూలను వేలితో తడిమాడు. వేలికి గాటు తగిలింది.

అలాగే కూలబడ్డాడు. గాటు పెట్టినప్పుడు రాలిన గాజు రజను ఆ మూల ఇరుక్కుంది. అక్కడ పలక ఎత్తుకుని ఎడం పెరిగింది. అక్కడి మెట్లది ఒక లెక్క, తక్కినచోట ఇంకో లెక్క, రెండు లెక్కలు కలిసేచోట గీత. ద్రవానిది తప్పు కాదు. పదకొండు సెల్స్‌నూ పాడుచేసింది తన గాటు. చంకలో పిల్లను పెట్టుకుని అందరూ ఊరంతా వెతుకుతున్నారు.

తలుపు చప్పుడుకు సెల్‌ను గబగబా మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఇద్దరూ వచ్చారు. మేడమ్ చూసింది, అమ్మాయి చూసింది, మళ్ళీ మేడమ్ చూసింది. ద్రవం లోపలే విడిపోతోందని తేల్చారు. నిపుణులకు ఈసారికి రావద్దని కబురు పెట్టడమే మర్యాదని మేడమ్ మెల్లగా అంది. పొడుగమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఆ పిల్ల మాట్లాడకపోవడం అక్కడెవరూ ఎరగరు. సీసా తీసుకుని, పారబోసే ద్రవాల డబ్బా దగ్గరికి వెళ్ళి మూత తిప్పింది.

ఊరుకుంటే చాలు. ఆ ఒక్క నిమిషం నోరు మూసుకుంటే నాలుగేళ్ళ తరవాత గౌరవంగా పింఛను, పూలదండ. బాబాయికి అదంతా కళ్ళముందు కదలాడింది. మూత ఊడిన చప్పుడు కూడా వినిపించింది.

"పారబొయ్యకమ్మా. తప్పు దానిది కాదు, నా గాజుది."

అమ్మాయి చెయ్యి ఆగింది. మూల నుంచి గీతలు వస్తున్నాయని చెప్పాడు. ఇద్దరూ చూశారు, ఒకరి తరవాత ఒకరు. ఎక్కడ చూడాలో చెప్పినా ముందు దొరకలేదు. వెలుగు తగ్గించి, రంగు అణిచి చూస్తే అప్పుడు దొరికింది. మేడమ్ తలెత్తి, మేం ఇంతమందిమి చూడలేనిది మీకెలా కనిపించిందని అడిగింది. అమ్మాయి ఇంకో ప్రశ్న అడిగింది, అక్కడ గాటెందుకు పెట్టారని. రెండు ప్రశ్నలకూ జవాబొక్కటే.

"నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదు మేడమ్. పుట్టినప్పట్నుంచీ అంతే. పరీక్షలో బట్టీపట్టి చెప్పి చేరాను. ఆ ముడులన్నీ అందుకే."

మేడమ్ బల్ల మీద వైర్ల కట్టను చూసింది. ముడులన్నిటినీ, మొదటిసారి చూస్తున్నట్టు, ఒక్కొక్కటిగా చూసింది. తను కూడా ఇరవై ఏళ్ళుగా వేస్తున్న ముడులవి.

పొడుగమ్మాయికి మాత్రం కోపం వచ్చింది. రాదా మరి. "ఆరునెలలు బాబాయ్. ఒక్క మాట చెబితే స్టిక్కరు మీద అంకె వేసేదాన్ని కదా. ఆరునెలలు నా ద్రవాన్ని తిట్టుకున్నాను." అని బయటికి వెళ్ళిపోయింది. బాబాయి తలదించుకున్నాడు. అమ్మాయి అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మేడమ్ కంటి పరీక్ష గురించి గద్దించలేదు. ఇన్నేళ్ళలో ఒక్క వైరైనా తప్పు కలిపారా అని అడిగింది. లేదన్నాడు. అయితే ఆ పరీక్ష కాగితం సంగతి నేను చూసుకుంటాను, రాసేదేమైనా ఉంటే నేనే రాస్తాను, ముందు ఇంకో సెల్‌కు ఎంతసేపు పడుతుందో చెప్పండి అంది. రేపు సాయంత్రానికి అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పొడుగమ్మాయి వచ్చి, మాటా పలుకూ లేకుండా ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. స్టిక్కర్లన్నీ పీకి చెత్తబుట్టలో వేసింది. ఒక్కో పలకా తనే అందిస్తూ, ఒకటి, రెండు అని చెప్పింది. ఆ రెండు మాటలు తప్ప మధ్యాహ్నం దాకా ఇంకేం మాట్లాడలేదు. గుడ్డతో నిమిరేటప్పుడు బాబాయి ఊపిరి బిగబడితే ఆమె కూడా బిగబట్టింది. అతికించాక, ఆఖరి చుక్కలు అంచు దగ్గర పెడితే, ద్రవం తనంతట తనే సందులోకి పాకుతుంటే, "తాగుతోంది బాబాయ్" అంది. కోపం పోయిందని ఆయనకు అప్పుడు అర్థమైంది.

సాయంత్రం గదిలో అందరూ పోగయ్యారు. మైక్రోస్కోపు దగ్గర కూర్చోమని మేడమ్ బాబాయికే చెప్పింది. గీత కనిపిస్తే చెప్పాలి. రంగులు మైక్రోస్కోపుకు కలిపిన తెరమీద చూసి అమ్మాయి చెబుతుంది. నాబ్ తిరిగింది.

ఇరవై నాలుగు. ఎరుపు అంది అమ్మాయి. గీతల్లేవు అన్నాడు బాబాయి. ఇరవై అయిదు. ఇరవై ఆరు. నారింజ, గీతల్లేవు. ఇరవై ఏడు. గీతల్లేవు. ఇరవై ఎనిమిది, పసుపు అంది అమ్మాయి. ఆ పసుపు బాబాయికీ కనిపించింది, కానీ ఆయన కన్ను గీతల కోసమే వెతికింది. ఇరవై తొమ్మిది. ఆమె ఏమీ అనలేదు. ఏమైందమ్మా అని బాబాయి కన్ను తియ్యకుండానే అడిగాడు. ఆకుపచ్చ, ఆకుపచ్చ అని ఆ పిల్ల ఏడుస్తోంది. ముప్పై రెండు దాటాక బాబాయి కంటిముందున్న గోధుమరంగు పల్చబడి, చల్లబడి, ఒక్కసారిగా ఆయనకు తెలిసిన రంగు, ఆయన ప్రాణం లాంటి రంగు, అర నిండా పరుచుకుంది. "నీలం" అని ఆయనే ముందు అరిచాడు. తెర చూస్తున్నవాళ్ళకంటే ముందు. ఆ తరవాత కుర్రాళ్ళు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తబోయి, కుర్చీ చక్రాలమీద జారి, అందరూ కలిసి కిందపడ్డారు. సెల్ పదిలంగానే ఉంది.

సందర్శకుల దినాన నిపుణులు వచ్చి, చూసి, రెండుసార్లు తిప్పించుకుని, మూడోసారి తామే తిప్పి చూసి వెళ్ళారు. రెండేళ్ళు ఖాయమైంది. ఆ తరవాత బంధుమిత్రుల వంతు. నాబ్ దగ్గర బాబాయిని నిలబెట్టి పొడుగమ్మాయి టీ తాగడానికి పోయింది. మబ్బు పట్టి ఉందని బాబాయి భార్య గొడుగు చంకలో పెట్టుకుని వచ్చింది.

ఆయన సెల్ వైపు చూడలేదు. మీటరు చూస్తూ తిప్పాడు. "ఇప్పుడు ఎరుపు" అన్నాడు. ఆవిడ సెల్ చూసి అవునంది. "ఇప్పుడు నారింజ." అవును. "ఇది ఆకుపచ్చ." అవునండీ. ముప్పై ఒక్కేళ్ళు ఆవిడ చెబితే ఆయన విన్నాడు. ఇవాళ ఆయన చెబుతుంటే ఆవిడ వింటోంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఉత్సాహం పట్టలేక, నీ గొడుగు ఇటు పెట్టు, దాని రంగు ఎన్ని వోల్టులో చూద్దాం అన్నాడు. ఆవిడ వద్దంది, అది పాతదైపోయిందంది. ఆయన వినలేదు. గొడుగు లాక్కుని సెల్ పక్కన ఆనించి, రెండూ ఒకటైనప్పుడు ఆపమని చెప్పి, ఇరవై రెండు నుంచి మొదలుపెట్టాడు. ఇరవై నాలుగు దగ్గర చెయ్యి నెమ్మది చేశాడు. ఆవిడ ఆపమనలేదు. ఇరవై అయిదు, ఇరవై ఆరు. సరిగా చూడమని గదమాయించాడు. చూస్తున్నాను, తిప్పండి అంది. ఇంక అబద్ధం చెప్పలేకపోయిందో, చెప్పాలనిపించలేదో.

"ఆగండి. ఇక్కడ."

మీటరులో ఇరవై తొమ్మిది ఉంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇరవై తొమ్మిదే. దుకాణంలో రెండు గొడుగులు విప్పి ఉండటం, ఆవిడకు ఎరుపంటే ఇష్టమని ఎవరో చెప్పగా విని ధీమాగా ఒకటి తియ్యడం, నీకిష్టమైన ఎరుపు అని చేతిలో పెట్టడం, ఆవిడ దాన్ని విప్పి చూసి ఒక్క క్షణం ఆగి నవ్వడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆరునెలల తరవాత ఆవిడ ఎందుకు ఆశ్చర్యపోలేదో కూడా తెలిసొచ్చింది.

"ముప్పై ఒక్కేళ్ళు చెప్పలేదేం?" అన్నాడు.

"వాన ఆపడానికి రంగుతో పనేముందండీ" అంది ఆవిడ.

వెనక వరసలోవాళ్ళు నీలం చూపించమని అడుగుతున్నారు. బాబాయి నాబ్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఇరవై తొమ్మిది దగ్గరే వదిలేసి, గొడుగు చేతిలోకి తీసుకుని చూస్తూ నిలబడ్డాడు.